కావలి దగ్గర కారవాన్ మొరాయిస్తే ఈ షెడ్డుకి వెళ్లండి

కారవాన్ అద్దెకు తీసుకుని చెన్నై హైవే మీద వెళ్లేవాళ్లు ఈ మెకానిక్ షెడ్డుని గుర్తుపెట్టుకోండి. ఒంగోలు వైపు నుంచి వస్తుంటే కావలి ఇంకా రాకముందే, ఎడమ చేతి పక్క సర్వీస్ రోడ్డులో, పంచర్ షాపుని ఆనుకుని ఉంటుంది. పేరు రాద్దామంటే బోర్డు ఎండకి పూర్తిగా వెలిసిపోయింది, ఆయనకి మళ్లీ రాయించే ఉద్దేశం ఉన్నట్టు కూడా లేదు. 5కి 4 ఇస్తున్నా.

రోహిణి కార్తె ఎండ, బండి నిండా జనం, సామాను, ఏసీ ఫుల్లు. ఉలవపాడు దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయి ముందు నుంచి ఆవిరి మొదలైంది. పక్కకి తీసి ఇంజన్ ఆపేశాం. ఆ వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి, లోపల ప్రెషర్‌లో మరుగుతున్న నీళ్లు నేరుగా మొహం మీదికి చిమ్ముతాయి. 1033కి ఫోన్ చేస్తే (హైవే వాళ్ల నంబర్, రాత్రీ పగలూ పనిచేస్తుంది) పెట్రోలింగ్ బండి వచ్చింది, వెనకాల కోన్లు పెట్టారు, ఈ మెకానిక్ నంబర్ కూడా వాళ్లే ఇచ్చారు. బండి అద్దెకిచ్చిన కంపెనీ వాళ్లయితే "ఫొటోలు వాట్సాప్ చేయండి సార్, మా టెక్నికల్ టీమ్ చూస్తుంది" అన్నారు. ఆ టీమ్ ఇంకా చూస్తూనే ఉందనుకుంటా.

ఆయన బైక్ మీద వచ్చి, సెల్ ఫోన్ లైటు పళ్ల మధ్య పెట్టుకుని బానెట్ కిందికి దూరాడు. రేడియేటర్ పై పైపు క్లిప్పు దగ్గర చీలింది. పాత సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, బైండింగ్ వైరుతో కట్టి, మా కారవాన్ ట్యాంకులో స్నానానికి ఉంచుకున్న నీళ్లే పట్టి పోశాడు. మూత పూర్తిగా బిగించలేదు, ప్రెషర్ ఎక్కితే కట్టు ఊడిపోతుందట. అట్లా మెల్లగా షెడ్డు దాకా నడిపించాడు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగింది. కంపెనీ వాళ్లు ఫోన్లోనే "వాటర్ పంప్ పోయి ఉంటుంది, మార్పించండి" అన్నారు. ఈయన పంప్ పుల్లీ పట్టుకుని అటూ ఇటూ ఊపి, కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసి, "మార్చమంటే మారుస్తా సార్, కానీ దానికి ఏ రోగమూ లేదు" అన్నాడు. ఎండలో పిల్లాజెల్లాతో చిక్కుకున్నవాళ్ల దగ్గర ఎంతైనా గుంజొచ్చు, ఎవరు అడుగుతారు? కుర్రాణ్ణి కావలి పంపి పైపు, క్లిప్పులు, కూలెంట్ తెప్పించాడు, వదులైన ఫ్యాన్ బెల్టు బిగించాడు. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి, పైపుని చేత్తో పిసుకుతూ గాలి బుడగలు పూర్తిగా ఆగేదాకా మూత పెట్టలేదు. ఇది వదిలేస్తే లోపల గాలి ఇరుక్కుని బండి మళ్లీ హీటెక్కుతుందంట. సామాను, కూలీ అంతా కలిపి 2,000 లోపే. ఫోన్‌పే ఉంది.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. నెత్తిన ఏసీ పెట్టె ఉండేసరికి మా బండి ఆయన రేకుల కిందికి పట్టలేదు, పనంతా ఎండలోనే. కూర్చోడానికి ఒక్క బెంచీ, అదీ స్పానర్లతో నిండి ఉంది. పంచర్ షాపు ఆయన కుర్చీలు ఇవ్వబట్టి సరిపోయింది, ఉలవపాడులో కొన్న బంగినపల్లి కాయలు అక్కడే కోసుకుని తిన్నాం. బిల్లు అడిగితే నోట్‌బుక్కు కాగితం మీద రాసిచ్చాడు. అద్దె కంపెనీ దగ్గర డబ్బులు వెనక్కి అడగాలంటే అది చెల్లదు, అందుకని కుర్రాడు స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లేముందే జీఎస్టీ బిల్లు తెమ్మని చెప్పండి. పాత పైపు కూడా అడిగి తీసుకోండి.

ఇంకోటి, వెనకాల ఇన్వర్టర్, రెండో బ్యాటరీ, ఫ్రిజ్ లాంటివి ఈయన ముట్టుకోడు. మా వెనక ఏసీ పనిచేయక అడిగితే, "ముందున్న బండి నాకు తెలుసు సార్, వెనకున్న ఇల్లు నాకు తెలీదు" అనేశాడు. దానికి నెల్లూరులో ఆటో ఎలక్ట్రీషియన్‌ని చూసుకోవాల్సిందే. చీకటి పడితే కావలిలో మా కారవాన్ లాంటి టెంపో బండికి స్పేర్ పార్ట్స్ దొరకడం కష్టమన్నాడు, కాబట్టి ముల్లు కాస్త పైకి కదిలినా పగలుండగానే ఫోన్ కొట్టండి.