సోలార్ రోడ్ స్టడ్లు: వీధిదీపాల్లేని మలుపుకు ఏ మేరకు పనికొస్తాయి?

వీధిదీపాల్లేని రెండు వరసల తారు రోడ్డు, ఎటు తిరుగుతుందో ముందుగా అంతుపట్టని మలుపు, పైగా రాత్రి వాన. సోలార్ స్టడ్డుకు, అంటే పగలు ఎండతో చార్జయి రాత్రి తనంతట వెలిగేలా రోడ్డుకు అతికించే చిన్న దిమ్మకు, పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇలాంటి చోటే. మిగతా చోట్ల హెడ్‌లైటు పడితే మెరిసే మామూలు రేడియం స్టడ్డు చాలు, చాలాసార్లు అదీ అక్కర్లేదు. అమ్మేవాళ్లు మాత్రం రోడ్డు పొడవునా పరిచేయమంటారు.

ముందు లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అడ్డం కంటబడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్డు ఇంజనీర్ల లెక్క. అంటే బ్రేకు పడకముందే 55 మీటర్లు పోయాయి. బండి ఆగడానికి ఇంకో 70 పైచిలుకు కావాలి. మొత్తం కలిపితే 130 దాకా వస్తుంది. డిమ్ లైటులో రోడ్డు స్పష్టంగా కనిపించేది అందులో సగం కూడా ఉండదు. అందుకే మలుపు ఎటు పోతుందో డ్రైవరుకు ఐదారు సెకన్ల ముందే తెలియాలి, అంటే ఆ వేగానికి 110 నుంచి 130 మీటర్లు. పెట్టె మీద ‘800 మీటర్ల నుంచి కనిపిస్తుంది’ అని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. 36 సెకన్ల ముందు కనిపించే చుక్క ఆ మలుపు గురించి చెప్పేదేమీ లేదు.

1934లో ఇంగ్లండులో పెర్సీ షా పేటెంటు తీసుకున్న క్యాట్ ఐ నుంచి ఇప్పటి ప్లాస్టిక్ స్టడ్డు దాకా సూత్రం ఒకటే: హెడ్‌లైటు వెలుగు పడితే దాన్ని డ్రైవరు వైపే తిప్పి పంపడం. వెలుగు పడకపోతే అది ఉన్నా లేనట్టే. బిగువు మలుపులో హెడ్‌లైటు నేరుగా పొలంలోకి పోతుంది, రోడ్డేమో పక్కకు తిరుగుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు వెలుగు ఆకాశంలోకి పోతుంది. సోలార్ స్టడ్డులో ఎల్‌ఈడీ తనంతట తానే వెలుగుతుంది కాబట్టి ఈ రెండు చోట్లా మామూలు స్టడ్డును సులువుగా మించిపోతుంది.

వానలో దాని గెలుపుకు కారణం వేరే, అది మామూలు స్టడ్డుకూ వర్తిస్తుంది. రోడ్డు అంచు గీత మెరిసేది పెయింటులో సగానికి పైగా కూరుకున్న గాజుపూసల వల్ల. పైన నీటిపొర కట్టిందంటే ఆ పూసలు పనిచేయవు, గీత మాయమవుతుంది. దాదాపు 20 మిల్లీమీటర్ల ఎత్తున్న స్టడ్డు తల నీటి పైనే ఉంటుంది.

ఇక కొనే ముందు చూడాల్సినవి. లోపల ఉండేవి సోలార్ పలక, బ్యాటరీ, చీకటి పసిగట్టే సెన్సరు, ఎల్‌ఈడీలు. ముందుగా పోయేది బ్యాటరీ, లేదా దాన్ని చంపే నీళ్లు. దుమ్మూ నీరూ లోపలికి చొరబడవని చెప్పే ‘ఐపీ 68’ అన్న ముద్రను నమ్మి ఊరుకోవద్దు. స్టడ్డును మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు కాగనిచ్చి, వేడిగా ఉండగానే చల్లటి నీళ్ల బకెట్లో ముంచండి. లోపలి గాలి కుంచించుకుని, సీలు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడి నుంచి నీటిని లాక్కుంటుంది. మర్నాడు అద్దం లోపల ఆవిరి కనబడితే ఆ సరుకు వెనక్కి పంపేయొచ్చు. రెండో పరీక్ష: ఒక రోజంతా ఎండ చూపించి, తర్వాత అట్టపెట్టెలో మూసి, ఎన్ని గంటలు వెలిగిందో చూడండి. పొడవైన రాత్రి గడవాలంటే 14 గంటలైనా రావాలి. రెండు మూడు రోజులు మబ్బు పట్టే కాలముంటే అంతకు రెట్టింపు మిగులు కావాలి. బ్యాటరీ బదులు కెపాసిటరు (కరెంటును దాచుకునే మరో రకం భాగం) ఉన్న రకం ఎక్కువ ఏళ్లు మన్నుతుంది, కానీ ఒక్కసారి నింపితే తక్కువసేపు వెలుగుతుంది. చెట్ల నీడ పడే రోడ్డుకు రెండూ దండగే.

‘20 టన్నుల భారం తట్టుకుంటుంది’ అన్న మాటా అంతే. ప్రెస్సు కింద మెల్లగా నొక్కడం వేరు, లారీ టైరు వేగంగా వచ్చి అంచు మీద కొట్టడం వేరు. స్టడ్డు నలిగి పోవడం అరుదు, ఊడిపోవడమే ఎక్కువ. కాబట్టి అసలు సమీక్ష చేయాల్సింది జిగురునీ, అతికించే పద్ధతినీ.

సిమెంటు రోడ్డు మీద ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, బాగా పట్టుకుంటుంది. తారు మీద అంత నమ్మకం లేదు: ఎపాక్సీ బిరుసుగా గట్టిపడుతుంది, ఎండకు తారు మెత్తబడుతుంది, చివరికి స్టడ్డు తన కింద ఉన్న తారు పెచ్చుతో సహా లేచి వస్తుంది. ఊడిన స్టడ్డును తిరగేసి చూడండి. అడుగున తారూ కంకరా అంటుకుని ఉంటే జిగురు తప్పు కాదు, రోడ్డు బలహీనం. నున్నగా ఉంటే అతికించినప్పుడే దుమ్మో తేమో ఉందన్నమాట. తారుకు తారుజిగురే మేలు. దాన్ని సుమారు 200 డిగ్రీల దగ్గర, చుట్టూ నూనె తొట్టి ఉన్న కెటిల్‌లో కరిగించాలి. నేరుగా మంట తగిలిస్తే మాడి పెళుసు బారుతుంది, మొదటి చలికాలానికే విరుగుతుంది.

ఎపాక్సీ వాడక తప్పకపోతే, తెలుపూ నలుపూ భాగాలు సమానంగా తీసుకునే రకం కొనండి. చారలు లేకుండా ఒకే బూడిదరంగు వచ్చేదాకా కలపాలి. ఒక్క తెల్లచార మిగిలినా అక్కడ అది గట్టిపడదు. వెచ్చటి వాతావరణంలో పది నిమిషాల్లోనే బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి నాలుగైదు స్టడ్లకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి. చలి 10 డిగ్రీల లోపుంటే ఆ పని మానుకోండి. జిగురు నాలుగు వైపులా సన్నగా బయటికి పొంగేలా నొక్కాలి. పొంగింది అద్దం మీదికి ఎక్కితే వెంటనే తుడవాలి, ఆరాక అది రాదు. అతికించే చోట రోడ్డును ముందే వైరు బ్రష్షుతో గీకి, బ్లోయరుతో ఊది, పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే పెట్టాలి. కొత్త తారు వేశాక కనీసం రెండు వారాలు ఆగాలి. పగులు మీదా, అతుకు మీదా, పాత పెయింటు మీదా పెట్టకూడదు. పెయింటు లేచిపోతే స్టడ్డూ దాంతోనే పోతుంది.

అడుగున రోడ్డులోకి దిగే కాడ ఉన్న రకానికి కాడ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పుగా రంధ్రం తొలిచి, దుమ్మంతా ఊదేసి, జిగురు నింపి దించాలి. పట్టు బాగుంటుంది. కానీ తల విరిగితే లోహపు కాడ రోడ్డులో నిలబడి టైర్లు చీలుస్తుంది, కాబట్టి విరిగినవాటిని వెంటనే తీయించే దిక్కులేని రోడ్డుకు ఇది వద్దు.

స్టడ్డుకూ స్టడ్డుకూ మధ్య ఎడం విషయంలో అమెరికా పద్ధతి పనికొస్తుంది: తిన్నని దారిలో సుమారు 24 మీటర్లకొకటి, మలుపులో 12, బాగా బిగువైతే 6. వరసను మలుపులో కాకుండా దానికి వంద మీటర్ల ముందే మొదలుపెట్టాలి. మలుపులో నిలకడగా వెలిగే రకమే పెట్టండి. ఒక్కొక్కటీ తన తాళంలో తను మిణుకుతుంటే వంపు ఆకారం కంటికి కుదరదు. మిణుకు రకాన్ని కూడలి హెచ్చరికకు వదిలేయాలి. రోడ్డుకు అడ్డంగా స్టడ్లు పరిచి వేగ నిరోధకంలా వాడటం మహా చెడ్డ అలవాటు. లారీకి అది చీమ కుట్టినట్టు, బైకు హ్యాండిలుకు మాత్రం గట్టి దెబ్బ.

ఇంకో చేదు నిజం. దారి బాగా కనిపిస్తే జనం వేగం పెంచుతారు. ఫిన్లాండులో ఒకప్పుడు ఇరుకైన వంకర రోడ్ల పక్కన రిఫ్లెక్టరు స్తంభాలు పాతి చూస్తే రాత్రి వేగాలూ పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. కాబట్టి మలుపు ముందు సలహా వేగం బోర్డు, వంపు వెంట బాణపు బోర్డులు లేకుండా స్టడ్లు ఒక్కటే పెట్టడం తప్పు. బాణపు బోర్డుల్లో డ్రైవరుకు ఎప్పుడూ రెండు మూడు ఒకేసారి కనబడాలి. అడుగు అంచు నేల నుంచి 1.2 మీటర్ల దగ్గర ఉంటే చాలు, మరీ ఎత్తులో పెడితే డిమ్ లైటు వెలుగు పైకి సరిగా అందదు. బోర్డుకు అంటించే మెరుపు షీటు నాణ్యతలో తేడా చాలా పెద్దది. ప్రమాణాలు నిర్ణయించే ఏఎస్‌టీఎం సంస్థ లెక్కలో తెల్ల టైప్ 1 షీటుకు కనీస మెరుపు 70, టైప్ 11కు 580. టైప్ 1తో చేసిన బోర్డు చవగ్గా వస్తుంది, మలుపు దగ్గర మాత్రం కొనకండి.

తారు అంచుకూ పక్కనున్న మట్టి పట్టీకీ మధ్య 5 సెంటీమీటర్లకు మించి నిట్టనిలువు దిగుడు ఉంటే స్టడ్ల డబ్బు ముందు అక్కడ పెట్టండి. దిగిన చక్రాన్ని పైకి ఎక్కించాలని స్టీరింగు బలంగా తిప్పితే, టైరు ఆ అంచును ఒరుసుకుంటూ ఉండి ఒక్కసారిగా ఎక్కుతుంది, బండి ఎదుటి వరసలోకి దూకుతుంది. మట్టి నింపి దిమ్మిస కొట్టాలి. తారు మళ్లీ వేసేటప్పుడు అంచును 30 డిగ్రీల వాలుగా వేయించుకోవాలి.

మంచును బ్లేడు బండితో తోసే ప్రాంతాల్లో ఉబ్బెత్తు స్టడ్డు ఒక్క చలికాలం కూడా నిలవదు. అక్కడ రోడ్డుకు సమంగా పాతే రకం కావాలి, దాని పలక మీద బురద పేరుకోవడం ఇంకా ఎక్కువ. ఏ రకమైనా వానలు వెనకపట్టాక ఒకసారి తుడిపించాలి, పదికి ఒకటి చొప్పున అదనంగా కొని ఉంచుకోవాలి. ఆరు నెలలకోసారి రాత్రిపూట డిమ్ లైటులో రెండు వైపుల నుంచీ నడిపి చూడాలి. ఒకటి పోయిందంటే ఆగొచ్చు. పక్కపక్కన మూడు పోతే అక్కడ దారి తిన్నగా పోతున్నట్టు భ్రమ పుడుతుంది, అవి ఆ వారంలోనే మార్చాలి.