66 పుస్తకాలా, 73 గ్రంథాలా?

కథోలిక పిల్లలకి ఏ బైబిల్ కొనాలన్నదే ప్రశ్న. 1866లో అమెరికన్ మిషనరీ క్లౌ దొర వచ్చినప్పటి నుంచీ ఒంగోలు బాప్టిస్టుల (ప్రొటెస్టంటుల్లో ఒక శాఖ) ఊరు. అందుకే కథోలిక ఇళ్ల పిల్లలు కూడా సత్యోపదేశం (మతబోధ) క్లాసుకి చాలాసార్లు ప్రొటెస్టంటుల 66 పుస్తకాల బైబిలే పట్టుకొస్తారు. తప్పేం లేదు. నల్ల అట్ట, చేతిలో ఇమిడే సైజు. సువార్తలకీ కీర్తనలకీ అది చాలు. పైగా ఆ పాత తెలుగు ఇట్టే నోటికొస్తుంది.

చిక్కంతా నవంబరు 2న, సమాధుల పండుగనాడు. కొవ్వొత్తి వెలిగిస్తుంటే "చనిపోయినవాళ్లకి ప్రార్థన దేనికి?" అని స్నేహితురాలు అడుగుతుంది. మనవాళ్లు చూపించేది మక్కబీయుల రెండో గ్రంథం, 12వ అధ్యాయం. పిల్ల పేజీలు తిప్పుతుంది: పాత నిబంధన చివర మలాకీ అవగానే కొత్త నిబంధన మత్తయి! మక్కబీయులతో పాటు తోబితు, యూదితు, సీరా, ఇలా 7 గ్రంథాలు అందులో ఉండవు. 1546లో ట్రెంట్‌లో జరిగిన కథోలిక మహాసభ ఖాయం చేసిన జాబితాలో ఇవీ ఉన్నాయి, దానేలు, ఎస్తేరుల్లో అదనపు భాగాలు కూడా.

73 గ్రంథాల కథోలిక బైబిల్ లావు, నిజమే. స్కూలు సంచిలో పెడితే భుజం లాగుతుంది. అయినా ఒక్కటే కొనేటట్టయితే నేను అదే కొనమంటాను. చిన్నది ఎలాగూ ఇంట్లో ఉంటుంది కదా, వచనాలు బట్టీ పట్టడానికి వాడుకోవచ్చు.