నాలుగేళ్లు 3ఎక్స్ రివెట్ గన్ వాడాక నా మాట

షెడ్డులో విమానం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. తోక, రెండు రెక్కలు, ఫ్యూజలాజ్‌లో (విమానం మొండెం) ముప్పావు వంతు, రేకుల్ని కలిపే రివెట్లు ఈ ఒక్క 3ఎక్స్ గన్‌తోనే కొట్టాను. గాలి ప్రెషర్‌తో టకటకా దెబ్బలు వేసే గన్ ఇది, 3ఎక్స్ అనేది దాని సైజు. దీనికి ముందు ఓ చవక గన్ కొన్నా, ట్రిగ్గర్ నొక్కితే దానికి మధ్యరకం అంటూ లేదు, ఉంటే ఊరుకుంటుంది లేకపోతే ఒక్కసారిగా దడదడా మీద పడిపోతుంది. ఎలివేటర్ (తోకలో పైకీ కిందికీ కదిలే భాగం) రేకు మీద మూడు సొట్టలు దాని పుణ్యమే.

అందుకే కొనేటప్పుడు పవర్ సంగతి పక్కన పెట్టి ట్రిగ్గర్ చూడండి. మెల్లగా నొక్కుతుంటే ముందు టక్... టక్ అని వచ్చి, తర్వాత వేగం అందుకోవాలి. మనం ఎక్కువగా కొట్టేవి 3/32, 1/8 అంగుళం అల్యూమినియం రివెట్లు, వాటికి 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ చాలు, 3/16 లాంటి లావువి ఉంటేనే 4ఎక్స్ గురించి ఆలోచించండి. సెట్ (గన్ ముందు తగిలించే, రివెట్ మీద కొట్టే ముక్క) వెనక భాగం 0.401 అంగుళం సైజుది పట్టేలా ఉండాలి, అంతే.

ప్రెషర్ ఎంత అని అందరూ అడుగుతారు. నాకు 3/32కి 30 పీఎస్ఐ చుట్టుపక్కల, 1/8కి 40 చుట్టుపక్కల బాగా కుదిరింది, కానీ హోస్ పొడవు మారితే ఇదీ మారుతుంది కాబట్టి రోజూ ముందు పనికిరాని రేకు ముక్క మీద నాలుగు కొట్టి చూసుకుంటా. రెండు మూడు సెకన్లలో రివెట్ అవతలి కొన అణిగి తల రావాలి, ప్రెషర్ తగ్గించి మరీ ఎక్కువసేపు కొడుతూ కూర్చుంటే రివెట్ గట్టిపడిపోయి ఇంక అణగనంటుంది. 1/8 రివెట్‌కి అవతల వైపు తల 3/16 వెడల్పు, 1/16 ఎత్తు వచ్చిందా, వదిలేయండి, అందంగా చేద్దామని ఇంకో దెబ్బ వేయకండి (నేను వేశా, చాలాసార్లు).

రెండో ఏడు ఒకరోజు గన్ నీరసపడిపోయింది. ప్రెషర్ పెంచా, ఇంకా పెంచా, రివెట్ కదలదు. విప్పి చూస్తే లోపల వాల్వ్ చుట్టూ గోధుమరంగు జిగురు, నీళ్లూ పాత నూనే కలిసి ముద్దయిపోయింది. తప్పు గన్‌ది కాదు, కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వారాల తరబడి తీయని నాది. సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, ఎయిర్ టూల్ ఆయిల్ వేస్తే మళ్లీ కొత్తదాన్లా అయింది. అప్పట్నుంచి పని మొదలెట్టే ముందు ట్యాంకు నీళ్లు వదలడం, గాలి వెళ్లే చోట మూడు నాలుగు చుక్కలు ఆయిల్ వేయడం. ఆయిల్ ఎక్కువైతే ఎగ్జాస్ట్‌లోంచి తుంపర వచ్చి రేకు మీద పడుతుంది, పెయింట్‌కి ముందు తుడవలేక చస్తాం.

సెట్ దేనికీ ఆనించకుండా గాల్లో మాత్రం ట్రిగ్గర్ నొక్కొద్దు. స్ప్రింగ్ పాడవుతుంది, సెట్ ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం.

మోత గురించి ఏం చెప్పను, ఇద్దరం చెవులకి మఫ్‌లు పెట్టుకుంటే మాటలు వినపడవు. అందుకని లోపల బకింగ్ బార్ (రివెట్ అవతలి కొనకి ఆనించే బరువైన లోహపు దిమ్మ) పట్టుకున్న మా ఆవిడ రేకు మీద తడుతుంది. ఒకసారి తడితే బాగుంది, రెండుసార్లయితే ఇంకొంచెం కొట్టు, మూడుసార్లయితే రివెట్ పాడైంది, తీసేయడానికి 30వ నంబర్ డ్రిల్ బిట్ తెచ్చుకో అని.