వార్‌ఫ్రేమ్: ఆరేళ్లు ఆడాక రాస్తున్న సమీక్ష

ఉచితంగా ఆడే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ వార్‌ఫ్రేమ్ 2013 మార్చిలో పీసీపై, అదే ఏడాది నవంబరులో ప్లేస్టేషన్ 4 పై వచ్చినప్పుడు సమీక్షకులు దానికి అంతంతమాత్రపు మార్కులే వేశారు. పోరాటం బాగుందని ఒప్పుకుంటూనే, మిషన్లన్నీ ఒక్కలాగే ఉన్నాయనీ, కొత్తగా చేరినవారికి ఏది ఎందుకో చెప్పే దిక్కు లేదనీ రాశారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. అయితే 2015 డిసెంబరులో ‘ది సెకండ్ డ్రీమ్’ కథ, 2017 అక్టోబరులో ‘ప్లెయిన్స్ ఆఫ్ ఐడోలాన్’ మైదానం వచ్చి చేరిన తర్వాత, నేను ఆడుతున్న గేమ్‌కూ వారు తూచిన గేమ్‌కూ పోలిక బాగా తగ్గిపోయింది. స్కోరు మాత్రం నాటిదే మిగిలింది.

ఉచిత గేమ్‌లో అసలు తూచవలసింది నిరీక్షణను. ఇక్కడ ఒక కొత్త ఫ్రేమ్, అంటే మనం ఆడే పోరాట పాత్ర, కావాలంటే మూడు భాగాల బ్లూప్రింట్లు (తయారీ నమూనాలు) సంపాదించి, ఒక్కొక్కదాన్ని ఫౌండ్రీ అనే తయారీశాలలో 12 గంటలు ఉంచి, ఆ తర్వాత వాటిని కలిపి కూర్చడానికి మరో 72 గంటలు ఆగాలి. ఆగలేనివారు ప్లాటినం, అంటే అసలు డబ్బుతో కొనే గేమ్ నాణేలు, చెల్లించాలి. గడువులోగా వ్యాసం ఇవ్వవలసిన సమీక్షకుడికి ఆ మూడు రోజులు అడ్డుగోడలా కనిపించడం సహజం. నాకైతే ఇప్పుడు ఆ గడియారం గుర్తే ఉండదు. ఏదో ఒకటి ఫౌండ్రీలో పెట్టి మరిచిపోతాను, మళ్లీ లాగిన్ అయినప్పుడు అది సిద్ధంగా కనబడుతుంది. నిమిషానికొకసారి వెళ్లి చూసిన మొదటి ఫ్రేమ్ రోజులు తలచుకుంటే నవ్వొస్తుంది.

ప్లాటినంను ఆటగాళ్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు. బహుమతులు దాగి ఉండే రెలిక్‌లు తెరిచి సంపాదించిన ప్రైమ్ (మేలురకం ఫ్రేమ్‌లు, ఆయుధాల) భాగాలను ఆటగాళ్లు బేరాలాడుకునే ట్రేడ్ చాట్‌లో అమ్మి, నాకు కావలసినవాటిలో చాలావరకు అలాగే కొనుక్కున్నాను. నాకు ఉచితంగా దొరికిన ఆ ప్లాటినం వెనుక ఇంకెవరో ఖర్చుపెట్టిన సొమ్ము ఉందన్న సంగతి ఆలస్యంగా తట్టింది. ‘పైసా పెట్టకుండా ఆడవచ్చు’ అని రాసే సమీక్షలు ఈ ముక్క కూడా చెప్పాలి.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం మరో గేమ్‌తో కలిగింది. దాని పేరు అనవసరం. విడుదలైన వారంలో దానికి వచ్చిన పొగడ్తలు చూసి చేరాను. కొన్నాళ్లకు ఓడిన ప్రతి మ్యాచ్ చివరా కౌంట్‌డౌన్‌తో ఒక తగ్గింపు ధర తెర మొదలైంది. దాన్ని మూసే గుర్తు ఒక మూలన, వెలిసిపోయిన బూడిద రంగులో, కొన్ని క్షణాలు ఆలస్యంగా వచ్చేది. నేను చదివిన సమీక్షలన్నీ ఆ తెర పుట్టకముందు రాసినవి.

అందుకే, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆటగాళ్లు రాసే అభిప్రాయాలనే ఎక్కువ నమ్ముతాను. 2022లో విమర్శకుల నుంచి మంచి మార్కులే తెచ్చుకున్న ఓవర్‌వాచ్ 2 అనే షూటింగ్ గేమ్, ముందు మాటిచ్చిన హీరో మిషన్లు (కంప్యూటర్ శత్రువులతో పోరాడేవి) రద్దయ్యాక, 2023 ఆగస్టులో స్టీమ్‌లోకి రాగానే ఆటగాళ్ల నుంచి వరదలా వ్యతిరేకత చవిచూసింది. రెండు వేల గంటలు ఆడి ‘సిఫారసు చేయను’ అని రాసేవారిని చూసి జనం నవ్వుతారు గాని, అంత తెలిసి చెప్పేది వారే.

వార్‌ఫ్రేమ్‌ను సిఫారసు చేస్తాను, కాని మొదటి పది గంటలు ఇప్పటికీ అయోమయమే. మొదట్లో చేతికిచ్చే 50 ప్లాటినంను ఫౌండ్రీ తొందరకు తగలేయకండి. ఎందుకంటే ఫ్రేమ్‌లను దాచుకునే చోట్లు మొదట రెండే, మూడో దానికి 20 ప్లాటినం కావాలి.