ఆన్‌లైన్ స్కూబా సలహాలు: నీళ్ల గురించి తక్కువ, పాస్‌పోర్టుల గురించి ఎక్కువ

స్కూబా (గాలి ట్యాంక్ కట్టుకుని నీళ్ల అడుగుకి దిగే డైవింగ్) ట్రిప్ ఎక్కడికి వేసుకున్నా ముందు నెట్‌లో తెగ వెతకడం నాకు ఏళ్లుగా అలవాటు. అండమాన్‌లో హావ్‌లాక్, థాయ్‌లాండ్‌లో కో తావో, ఇండోనేషియాలో బాలి అన్నీ వీడియోలు, రివ్యూలు, గ్రూపుల్లో జనం ఇచ్చిన సలహాలు పట్టుకునే తిరిగాను. ఇంతకాలం వాడినవాడిగా నా రేటింగ్ ఐదుకి రెండున్నర. వీసా, రూములు, బోటు మీద వెజ్ దొరుకుతుందా లాంటి వాటిలో మనవాళ్ల సలహాలకు తిరుగులేదు. నీళ్లలోకి దిగాక పనికొచ్చే విషయాల దగ్గరే చతికిలపడతాయి.

ఏ నెలలో వెళ్లారో ఎవరూ రాయరు, అదొక పెద్ద తలనొప్పి. బాలి పక్కన నుసా పెనిడాలో మోలా మోలా అనే పెద్ద చేప కోసం అందరూ జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్తారు, అది కనబడేదే అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చే రోజుల్లో. "నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, 3 మిల్లీమీటర్ల మందం డైవింగ్ సూట్ చాలు" అని రాసిన మహానుభావుడు ఏ మార్చిలోనో వెళ్లి ఉంటాడు. ఆగస్టులో అదే సూట్‌తో దిగితే ఒక చోట ఉన్నట్టుండి ఐసు నీళ్లలాంటి పొర తగిలి దవడలు కొట్టుకుంటాయి, నోట్లో గాలి అందించే రెగ్యులేటర్‌ని కొరికి పట్టుకోవాల్సిందే. థాయ్‌లాండ్‌లో సిమిలాన్ దీవుల పార్కు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంటుంది, అయినా జూన్‌లో చవగ్గా వెళ్లిరండి అనే వీడియోలు చూశాను.

ఇంతకంటే భయపెట్టేది బాలి ఒక్కరోజు ప్లాన్. పొద్దున తులంబెన్‌లో లిబర్టీ ఓడ డైవ్, మధ్యాహ్నం కింతామణిలో అగ్నిపర్వతం చూస్తూ భోజనం. ఆ ఓడ 1942లో జపాన్ టార్పెడో దెబ్బ తిని ఒడ్డుకు చేరింది, 1963లో అగుంగ్ పర్వతం పేలినప్పుడు సముద్రంలోకి జారింది, అద్భుతమైన డైవ్, అందులో డౌటు లేదు. కానీ కింతామణి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ ఇంకా బయటికి పోకముందే కొండెక్కితే అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. డైవ్‌ల తర్వాత విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగండి అని చెప్పే మనిషే అదే వీడియోలో ఈ ప్లాన్ కూడా చెప్తాడు, కింద కామెంట్లలో ఒక్కరూ అడగరు!

ఇక దేశాల గోల. "జర్మన్ ఇన్‌స్ట్రక్టర్ దొరికితే కళ్లు మూసుకుని చేరిపోండి", "థాయ్ వాళ్లు నవ్వుతూనే దోచేస్తారు", "ఇండియన్లు ఎక్కువ వచ్చే షాపుకి వెళ్లకండి". ఈ చివరిది రాసేది కూడా మనవాళ్లే. సలహా అడిగితే దేశాల వారీగా జనాన్ని ఒకే గాటన కట్టేసి చేతిలో పెడతారు.

దీని అవతలి వైపు కూడా చూశాను. బాలిలో ఒక డైవ్ షాపులో రెండో స్థాయి కోర్సు చేసినట్టు చూపే అడ్వాన్స్‌డ్ కార్డు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ కౌంటర్ మీద పెట్టాను. అక్కడి కుర్రాడు కార్డు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, "సార్, ఈత వచ్చా?" అన్నాడు. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సులోనే 200 మీటర్లు ఈది, పది నిమిషాలు నీళ్లలో తేలి చూపించాలి, ఆ సంగతి అతనికి తెలియక కాదు. అక్కడితో ఆగలేదు, మొదటిసారి ట్రై డైవ్ (కోర్సు లేకుండా గైడ్ పట్టుకుని చేయించే డైవ్) చేస్తున్న ఒక పంజాబీ కొత్త జంటతో నన్ను కలిపేశారు, అందరూ ఇండియన్లే కదా అని. కోర్సు అయినవాళ్లు చేసే ఫన్ డైవ్‌కి డబ్బులు కట్టి, ఎనిమిది మీటర్ల దగ్గర ఇసుక పైన తేలుతూ ఉండిపోయాను. గైడ్ చెయ్యి ఆ పెళ్లికొడుకు ట్యాంక్ వాల్వ్ మీద నుంచి కదలలేదు. కదలకూడదు కూడా, అది అతని డ్యూటీ. నేను వెళ్లాల్సిన ఫన్ డైవ్ గ్రూపు మాత్రం ఎటో వెళ్లిపోయింది.

ఇందులో గైడ్‌లని పూర్తిగా తప్పు పట్టలేను. మనకి దొరికేది నాలుగైదు రోజుల సెలవు, అందులో కోర్సో ట్రై డైవో చేసి వచ్చేస్తాం. నెలల తరబడి తిరిగే యూరప్ వాళ్లకి అప్పటికే బోలెడు డైవ్‌లు అయి ఉంటాయి. గైడ్‌కి ఎదురయ్యే ఇండియన్ దాదాపు ప్రతిసారీ కొత్తవాడే, ఆ తడబాటు దేశానిది అనిపిస్తుంది. నేను చూసినంతలో పగడాన్ని ఫిన్‌తో (కాళ్లకి వేసుకునే ఈత రెక్కతో) విరగ్గొట్టింది పెద్ద కెమెరా పట్టుకున్న ఒక సీనియర్ డైవరు, యూరప్ ఆయనే. బోటెక్కాక ఎవరూ ఆయన దేశం ఎత్తలేదు.

ఇప్పుడు ఆరోగ్యానికి, విమానాల లెక్కకి డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ల సైట్ చూస్తాను, అది ఐదుకి ఐదు. షాపుకి నేరుగా మెసేజ్ పెట్టి గైడ్‌కి ఎంతమంది, ట్రై డైవ్ వాళ్లని విడిగా తీసుకెళ్తారా, బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా అని అడుగుతాను. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో సముద్రంలో నీటి ప్రవాహం ఎలా ఉంటుందని కూడా. దీనికి "నో ప్రాబ్లం" అని మాత్రమే జవాబిస్తే వేరే షాపు చూసుకుంటాను. మీరెవరైనా రివ్యూ రాస్తే దయచేసి నెల, లోతు, అప్పటికి మీరు చేసిన డైవ్‌ల సంఖ్య రాయండి, డైవ్ అయ్యాక చాయ్ ఇచ్చారా లేదా అన్నది తర్వాత.