అత్తమ్మ ముత్తాత ఊరు: లెడ్‌హిల్స్‌లో రెండు రోజులు

మా నాన్న ఇల్లందులో బొగ్గు బాయి పని చేశాడు, 21 ఇంక్లైన్ గనిలో. పెళ్లై గ్లాస్గో వచ్చిన కొత్తలో ఈ మాట చెప్తే మా అత్తగారి మొహం వెలిగిపోయింది. "మాదీ బొగ్గు కుటుంబమే" అంది. ఇక్కడ అత్తగారినైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు, అత్తమ్మా అనేశాను. పదకొండేళ్లుగా ఆ పిలుపుకే పలుకుతోంది.

పోయిన జూన్‌లో ఆవిడకు డెబ్బై నాలుగు నిండాయి. తన ముత్తాత లార్క్‌హాల్ బొగ్గు బావుల్లో చేశాడని తెలుసు. అంతకు ముందు ఎక్కడివాళ్లో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరు చూడాలని ఆవిడ కోరిక. ఏ ఊరని వెళ్తాం?

అందుకే ముందు బండి తీయలేదు, ల్యాప్‌టాప్ తీశాం. స్కాట్లాండ్స్ పీపుల్ అని ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. పేర్లు వెతకడం ఉచితం. అసలు రిజిస్టర్ పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి: మేం కొన్నప్పుడు 30 క్రెడిట్లు ఏడున్నర పౌండ్లు, ఒక పెళ్లి పత్రానికి 6 క్రెడిట్లు. చవకే. కానీ ఒకే పేరున్న నలుగురు కనిపిస్తే నాలుగూ కొనాల్సి వస్తుంది. ఇక్కడివాళ్లు ఒకప్పుడు పెద్దకొడుక్కి తాతపేరు పెట్టేవాళ్లు, అచ్చం మనలాగే. దాంతో ఊరినిండా ఒకే పేరు వాళ్లు. మేం మొదటి సాయంత్రమే ఇద్దరు పరాయి ముత్తాతలకు డబ్బు కట్టాం.

అలాంటప్పుడు ఎడింబరోలో జనరల్ రిజిస్టర్ హౌస్‌కు వెళ్లడమే మేలు. ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన, వెల్లింగ్టన్ గుర్రం విగ్రహం వెనక భవనం. ఒక రోజు రుసుము కట్టి సీటు బుక్ చేసుకుంటే ఎన్ని పేజీలైనా తెరిచి చూడొచ్చు. చిక్కొచ్చి అడిగితే పక్కన నిలబడి చూపించే సిబ్బంది ఉన్నారు. మొత్తం ప్రయాణంలో పెట్టిన ప్రతి పైసా గిట్టింది ఇక్కడే.

పదకొండు గంటలకల్లా లార్క్‌హాల్ పెళ్లి పత్రం దొరికింది. 1855 జనవరిలో మొదలైన ఈ రిజిస్టర్లలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, తండ్రుల వృత్తులూ రాస్తారు. ముత్తాత తండ్రి వృత్తి దగ్గర బొగ్గు లేదు. సీసం గని కార్మికుడు అని ఉంది. అత్తమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ఇన్నేళ్ల బొగ్గు కుటుంబం ఒక్క లైనుతో సీసం కుటుంబం అయిపోయింది. 1861 జనాభా లెక్కల్లో లెడ్‌హిల్స్ అనే చిన్న పల్లెలో ఆ ఇల్లు మొత్తం దొరికింది. చంటిపిల్లాడిగా ముత్తాత కూడా.

ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 1855కు ముందువి చర్చి పుస్తకాలు, వాటిలో లెడ్‌హిల్స్ వాళ్లను క్రాఫర్డ్ పారిష్ (చర్చి పరిధి) కింద వెతకాలి. కూతవేటు దూరంలో ఉన్న వాన్‌లాక్‌హెడ్ మాత్రం సాంకర్ పారిష్, అది వేరే కౌంటీ. రెండూ సీసం గనుల ఊళ్లే. ఈ సంగతి తెలియక మేం గంటన్నర పోగొట్టుకున్నాం.

ఊరికి అద్దె కారులో వెళ్లాం. రైలైతే సాంకర్ దాకానే. అక్కడి నుంచి కొండెక్కే బస్సులను నమ్ముకుని పెద్దావిడను తీసుకెళ్లలేం. ఎం74 మోటార్‌వే మీద అబింగ్టన్ దగ్గర దిగి బీ797 రోడ్డు పట్టుకుంటే తిన్నగా లెడ్‌హిల్స్, ఆ వెంటనే వాన్‌లాక్‌హెడ్. స్కాట్లాండ్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరు వాన్‌లాక్‌హెడ్, 1,531 అడుగులు. జూన్‌లో కూడా స్వెట్టర్ విప్పలేదు. చెట్టూ చేమా లేని బోడికొండలు, వాటి మధ్య గడ్డి కూడా సరిగా మొలవని రాళ్ల కుప్పలు. మా వైపు ఓబీ గుట్టలు, అంటే బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు, చూసిన కళ్లకు అవి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బస గురించి ఎక్కువ చెప్పను. కొండ కింద ఒక ఇంట్లో దిగాం. గది శుభ్రం, పొద్దున టిఫిన్ కడుపునిండా. కానీ రాత్రి భోజనం ఏడున్నరకే బందని బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. మేం చేరేసరికి ఎనిమిది. నేను సంచిలో వేసుకొచ్చిన పులిహోరే ఆ రాత్రి మా ఇద్దరినీ కాపాడింది. మీరూ ఏదో ఒకటి వెంట తీసుకెళ్లండి, పైన దుకాణాల మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ సిగ్నల్ మీద అసలే వద్దు.

లెడ్‌హిల్స్‌లో ముందు శ్మశానానికి వెళ్లాం. చూడ్డానికి వచ్చేవాళ్లంతా జాన్ టేలర్ అనే గని కార్మికుడి సమాధి కోసం వెతుకుతారు, 137 ఏళ్లు బతికాడని రాతిమీద చెక్కారు. సీసం గనిలో పనిచేసి 137 ఏళ్లట! మా నాన్న వింటే ముందు ఆ రిటైర్మెంట్ తేదీ అడుగుతాడు. మాకు కావాల్సిన రాయి ఇంకో వరసలో ఉంది. సగం నాచు పట్టింది. నాచు గీకకూడదట, రాయి పెచ్చులూడుతుందని అత్తమ్మ నా చేయి పట్టుకుంది. పక్క నుంచి ఫోన్ టార్చి వేస్తే అక్షరాల నీడలు పడి చదవడానికి వచ్చింది. ముత్తాత తండ్రి పేరు, కింద ఆయన భార్య పేరు, పుట్టింటి ఇంటిపేరుతో. ఇక్కడ పాత సమాధుల మీదా రిజిస్టర్లలోనూ ఆడవాళ్ల పుట్టింటి పేరు పోదు. మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటో నాకు తెలియదు. ఆ మాట అత్తమ్మతో అంటే, "మీ అమ్మను అడుగు, ఈ రాత్రికే అడుగు" అంది.

ఊరి నడుమ ఒక చట్రానికి వేలాడే గంట ఉంది, 1770 నాటిది. షిఫ్టు మారినప్పుడు కొట్టేవాళ్లు, ప్రమాదం జరిగినప్పుడూ కొట్టేవాళ్లు. వేళకాని వేళ సైరన్ మోగితే ఇల్లందులో ఆడవాళ్లు ఎలా వీధిలోకి వచ్చేవాళ్లో నేను చూశాను. గంట ఫోటో తీసుకున్నాను కానీ దాని కింద ఎక్కువసేపు నిలబడలేదు.

ఇక లైబ్రరీ. 1741లో 21 మంది గని కార్మికులు, ఒక పాస్టరు, ఒక బడిపంతులు కలిసి చందాలతో పెట్టుకున్నది. అప్పట్లో ఇక్కడి షిఫ్టు ఆరు గంటలే. గనుల కంపెనీని చూసుకున్న దొర జేమ్స్ స్టిర్లింగ్, మనం లెక్కల్లో చదివే స్టిర్లింగ్ సూత్రం ఆయనదే. పని ముగిశాక చదువుకునే పొద్దు మిగిలేది. ఇప్పుడు ఊరివాళ్లే స్వచ్ఛందంగా నడుపుతున్నారు, అదీ వేసవి వారాంతాల్లో, మధ్యాహ్నం పూట. మేం శుక్రవారం చేరాం కాబట్టి ఒక రోజు ఆగాం. మీరు ముందే రాసి కనుక్కుని వెళ్లండి.

ఇక్కడే బేరం పుస్తకాలు ఉన్నాయి. సీసం గనిలో రోజు కూలి కాదు పద్ధతి. నలుగురైదుగురు ముఠా కట్టి, ఇంత లోతు తవ్వితే ఇంత, ఇంత ఖనిజం తీస్తే ఇంత అని కంపెనీతో బేరం కుదుర్చుకునేవాళ్లు. కొవ్వొత్తులకూ మందుగుండుకూ అయ్యే ఖర్చు వాళ్లదే, లెక్క తేలేది ఎప్పటికో. పుస్తకాలు చూసుకునే ఆవిడ మేం ఇచ్చిన పేరూ ఏళ్లూ చూసుకుని, ఒక పేజీ తెరిచి మా ముందు పెట్టింది. ముఠాలో మూడో పేరు ముత్తాత తండ్రిదే. ఎదురుగా సంతకం. వేలిముద్ర కాదు, గీత కాదు, పొందికైన సంతకం. అత్తమ్మ ఏడవలేదు. ఆ సంతకంలోని మొదటి అక్షరం తన తమ్ముడు రాసినట్టే ఉందని మాత్రం మూడుసార్లు అంది. అడిగి ఫోటో తీసుకున్నాం.

వాన్‌లాక్‌హెడ్‌లో సీసం గనుల మ్యూజియం కూడా చూశాం. తలకు హెల్మెట్ పెట్టి లాక్‌నెల్ గనిలోకి తీసుకెళ్తారు. లోపల చల్లగా, తడిగా, వంగి నడవాల్సినంత ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి, అత్తమ్మ బయటే కూర్చుంది. గైడు బాగా చెప్పాడు. మూడు కాలాల్లో కార్మికుల ఇళ్లు ఎలా ఉండేవో చూపించే కుటీరాలు నాకు ఇంకా నచ్చాయి. పిల్లలతో వెళ్తే ఈ మ్యూజియమే ముందు పెట్టుకోండి. సొంతవాళ్లను వెతుక్కునేవాళ్లకు మాత్రం లైబ్రరీ తర్వాతే ఇది. చిన్న రైలు కూడా ఉంది, వారాంతాల్లో నడుపుతారు, సరదాగా ఉంటుంది. నీళ్లు తోడే పాత బీమ్ ఇంజన్ ఆరుబయటే ఉంది, చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. నీటి బరువుతోనే నడిచి గనిలో నీళ్లు తోడిన యంత్రం.

తిరుగు దారిలో అబింగ్టన్ సర్వీసెస్ (మోటార్‌వే పక్కన బండ్లు ఆగే చోటు) దగ్గర సిగ్నల్ వచ్చింది. ముందు అమ్మకు చేశాను. అమ్మమ్మ పుట్టింటివాళ్ల పేరు అడిగితే ఆమె ఒక నిమిషం ఆలోచించి చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను. ఈలోగా నాన్న ఫోన్ లాక్కున్నాడు. బీమ్ ఇంజన్ ఫోటో పంపితే పెద్దది చేసి చూసి, "నీళ్లు ఏ లెవెల్ నుంచి తోడేదట?" అన్నాడు. తర్వాత బేరం పుస్తకం సంగతి చెప్పాను.

"అయితే మన బొగ్గు నింపే ఫిల్లర్ల లెక్కనే ఉన్నది. మీ అత్తమ్మను అడుగు, ఆయనకు రేటు ఎంత కట్టిచ్చిన్రో."

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్‌లో ఆ పేజీ ఫోటో వెతకడం మొదలుపెట్టింది.