గీత గీయడమా, ప్లాన్ వేయించడమా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో సైకిల్ లేన్ కావాలంటే రెండు దారులు. ఒకటి, కాంట్రాక్టర్‌కి చెప్పి రోడ్డు పక్కన పచ్చ రంగు కొట్టించడం. చవక, నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. కానీ మర్నాటికల్లా దాని మీద ఆటోలు, తోపుడు బండ్లు ఉంటాయి, వీఆర్‌సీ సెంటర్‌లాంటి కూడలి దగ్గరికొచ్చేసరికి, అంటే బడికి సైకిల్ మీద వెళ్లే పిల్లాడికి నిజంగా లేన్ అవసరమైన చోట, గీత మాయమైపోతుంది.

రెండోది, ట్రాఫిక్ డిజైన్ చదివినవాళ్లని పిలవడం. వాళ్లు ముందు బడి వేళకి నిలబడి సైకిళ్లు లెక్కపెడతారు, ఎటు తిరుగుతున్నాయో చూస్తారు. మలుపు అంచు కాస్త బిగిస్తే, అంటే మలుపుని ఇరుకు చేస్తే, తిరిగే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. కాలువ జాలీ కమ్మీలు సైకిల్ వెళ్లే దారికి అడ్డంగా ఉండాలి, లేకపోతే చక్రం ఇరుక్కుంటుంది. ఇలాంటివి మనకు తట్టవు (నాకైతే పడ్డాకే తట్టింది). రోడ్డు ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) సైకిల్ ట్రాక్‌ల కోసం ఐఆర్‌సీ 11 అని ప్రమాణాలే రాసింది, 2015లో సవరించింది కూడా.

ఖర్చు, ఆలస్యం రెండోదానికే ఎక్కువ. అయినా నా ఓటు దానికే, మాగుంట లేఅవుట్ సందుల్లో మాత్రం స్పీడ్ బ్రేకర్లు సరిగ్గా వేస్తే చాలు.